పుట్టింటి రక్తం

గచ్చిబౌలి,
21 ఆగస్టు 2011

రత్నా,

ఆశీర్వాదాలు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టేదాన్నే. కానీ ఈ ఉత్తరం చదివాక నువ్వు క్షేమంగా ఉండవు, నీ నోట్లో పడ్డాక నేనూ ఉండను. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటంటావా? మీ ఫోను హాల్లో టీవీ పక్కన ఉంటుంది. నా గొంతు వినగానే నీ కోడలు స్పీకరు నొక్కుతుంది, మీ వీధంతా నా కుశలం అడుగుతుంది. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి. తలుపు వేసుకుని చదువు.

రాయదుర్గంలో మా అశ్విని పనిచేసే గాజుమేడలో పోయిన నెల ఆరోగ్య శిబిరం పెట్టారు. ఎత్తూ బరువూ చూసి ఒక కాగితం చేతికిచ్చారు. అందులో ఒక గడి: మీ కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా? ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఇంట్లో పెరిగిన పిల్ల, ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా ఇంటికి తెచ్చింది. నా ముందు పెట్టి, "నాయనమ్మా, నీకు తెలిసింది చెప్పు" అంది. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్తు బడిలో సైన్సు చెప్పినదాన్ని. పిల్లలు కాగితం తెచ్చి ముందు పెట్టి అడిగితే అబద్ధం చెప్పడం నాకు అలవాటు కాలేదు.

చెప్పాను. అమ్మ కడుపులో గడ్డతో పోయిందని చెప్పాను. కనకమ్మక్క నలభై నాలుగో ఏట రొమ్ములో గడ్డతో పోయిందని చెప్పాను. తొంభై ఆరులో వేలూరులో నీకు జరిగిన ఆపరేషను సంగతీ చెప్పాను. ఇక మొదలుపెట్టు, తిట్టు.

అశ్విని క్యాలెండరు వెనకాల మన వంశవృక్షం గీసింది. ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు. జబ్బు చేసినవాళ్లను పెన్సిలుతో నల్లగా దిద్దింది. అమ్మా, అక్కా, నువ్వూ మూడు నల్ల సున్నాలు. మిగిలిన తెల్ల సున్నాను నేను. అది చూసి మా కోడలు, "దీపాలవేళ ఆ మాటలేమిటండీ, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంది. ఈ ట్రాఫిక్కులో మనుషులే కదల్లేకపోతున్నారు, దేవతలెక్కడ తిరుగుతారమ్మా అన్నాను. వెళ్లి దీపం పెట్టింది.

అశ్విని క్యాన్సరు డాక్టరమ్మను కలిసి వచ్చింది. ఒకే ఇంట్లో ఇంతమందికి వస్తే అది రక్తంలోనే దిగుతోందేమో చూడాలందట. దానికి పరీక్ష ఉంది. అయితే బాగున్నవాళ్లతో మొదలుపెట్టకూడదు, జబ్బు వచ్చి తగ్గినవాళ్ల రక్తం ముందు చూడాలి. ముగ్గురిలో ఇద్దరు లేరు. ఉన్నది నువ్వు.

నాకున్నది ఒక్క మగపిల్లాడు, మా వెంకటరమణ. కాబట్టి ఈ వ్యవహారం నాతోనే ఆగిపోయిందని నా నమ్మకం. అయినా ఆ పిల్ల మనసు కుదుటపడాలి. రెండు చెంచాల రక్తం ఇవ్వు. ఇక్కడికొస్తే వారం రోజులు నీ చేతి ఊరిబిండి పచ్చడి కూడా తినొచ్చు.

నీ తిట్లకు చెవులొగ్గి కూర్చున్న
అక్క శారద


ప్రొద్దుటూరు,
30 ఆగస్టు 2011

అక్కకు నమస్కారం.

పెద్దదానివి కాబట్టి నమస్కారం ముందు పెట్టినాను. మిగిలింది ఇప్పుడు చదువు.

ఆ ఆపరేషను సంగతి ఈ భూమ్మీద నలుగురికే తెలుసు. కోసిన డాక్టరుకు, మా ఆయనకు, నాకు, నీకు. డాక్టరు ముసలాయన, బతికున్నాడో లేడో. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. నేను నోరు తెరవలేదు. అంటే చెప్పేవాళ్లలో మిగిలింది నువ్వొక్కదానివే, నువ్వు చెప్పేసినావు. బడిలో పిల్లలు గుసగుసలాడితే బెంచీ ఎక్కించేదానివి కదా, ఇప్పుడు నిన్ను ఎక్కడికి ఎక్కించాలి?

నేను ఎంత కష్టపడి దాచినానో నీకు తెలీదా? మందులకు జుట్టంతా రాలిపోతే తిరుమలలో తలనీలాలు ఇచ్చినానని చెప్పుకున్నాను. కొండకు పోకుండా గుండు రావడం వింతగా ఉంటుందని మా ఆయన పోయి లడ్లు తెచ్చి వీధంతా పంచినాడు. నా భక్తి చూసి ఎదురింటి ముగ్గురు ఆడవాళ్లు మొక్కుకుని నిజంగానే గుండ్లు చేయించుకుని వచ్చినారు. ఇప్పటికీ కార్తీకమాసంలో నన్ను పిలిచి ముందు కూర్చోబెడతారు. ఆ గౌరవమంతా ఒక్క కాగితంతో తుడిచేస్తావా?

ఇంకొకటి. మా శ్రావణికి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు యశ్వంత్, జమ్మలమడుగు వాళ్లు, మీ హైటెక్ సిటీలోనే ఉద్యోగం. శ్రావణి మాదాపూరు హాస్టల్లో, ఆ అబ్బాయి రెండు వీధుల అవతల. ఇద్దరినీ కలపడానికి మధ్యలో రెండు ఊళ్ల పెద్దలు తిరుగుతున్నారు. ఇట్లాంటప్పుడు ఈ ఇంట్లో ఆ జబ్బుందని గాలికి తెలిసినా చాలు. నా ఒక్కగానొక్క కొడుకు శివశంకర్‌కు ఉన్నది ఆ ఒక్క పిల్ల.

నువ్వే రాసినావు, కొడుకే కాబట్టి నాతోనే ఆగిపోయిందని. నాకూ కొడుకే. పెళ్లిలో మనకు గోత్రం మారింది, ఇంటిపేరు మారింది. పుట్టింటి రోగం పుట్టింట్లోనే ఉంటుంది. మరి నా రక్తం ఏంటికి? అశ్వినికి ఇంకా పెళ్లి కుదరలేదు కాబట్టి, దానికి కారణం మా వైపు నుంచి వెతుకుతున్నారా?

పక్కింటి రామక్క బంగారం మాదిరి ఉండేది. ఏదో పరీక్షకని పోయింది, రోగిష్టిగా తిరిగొచ్చింది. పరీక్షకు పోకపోతే ఇంకా పదేళ్లు తిరిగేది. గమ్మున ఉండేవాళ్ల దగ్గరికి గమ్మున ఉండే దేవుడే వస్తాడు.

ఊరిబిండి కావాలంటే పంపిస్తాను. రక్తం పంపను.

చెల్లెలు రత్నమ్మ


గచ్చిబౌలి,
20 సెప్టెంబరు 2011

రత్నా,

నీ తిట్లు అందాయి. రెండుసార్లు చదివాను. రెండోసారి భాషాదోషాలు వెతికాను, దొరకలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపించి నాన్న తప్పు చేశాడు.

ఇక్కడ సకల జనుల సమ్మె మొదలై వారమైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు వచ్చినప్పుడు వస్తుంది. వెంకటరమణ ఇంట్లోనే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కరెంటు పోగానే ఇదిగో వీళ్ల ఉద్యమం అని విసుక్కుంటాడు, కరెంటు రాగానే టీవీ పెట్టి వాళ్ల మాటే వింటాడు. ఉత్తరాలు మాత్రం నడుస్తున్నాయి. ఆ పోస్ట్‌మ్యాన్‌ను చూస్తే నాకు ఈ మధ్య చాలా గౌరవం.

అశ్విని పెళ్లి కుదరకపోవడానికి కారణం దాని నోరు. అది నా వైపు నుంచి వచ్చిందే, నీ రక్తంతో పనిలేదు. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టు.

గోత్రం సంగతికి వస్తాను. నువ్వు రాసింది చదివి నవ్వబోయాను. నవ్వలేకపోయాను. నేను నమ్ముతున్నదీ అదే కదా. మగపిల్లాడు కాబట్టి ఆగిపోయింది అని నీకు రాసింది నేనే. ఏటా బఠాణీ మొక్కల పాఠం చెప్పేదాన్ని. పొడుగు మొక్క, పొట్టి మొక్క, తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. బోర్డు మీద గీసి, పిల్లల చేత అప్పజెప్పించి, చెప్పలేనివాళ్ల చెవులు మెలిపెట్టాను. అశ్విని వచ్చి, "నాన్న నుంచి కూడా రావచ్చు నాయనమ్మా" అంటే మాత్రం, ఇది ఆడవాళ్ల జబ్బే, మగవాడికేం సంబంధం అన్నాను. బఠాణీల సంగతి వేరు, మన సంగతి వేరు అనుకున్నానన్నమాట.

నాకు బుద్ధి చెప్పింది మా పోచమ్మ. నీకు తెలియదు కదా, ఈ గాజుమేడల వెనకాల రాయదుర్గం పాత ఊరు ఇంకా ఉంది. అక్కడ పోచమ్మకు ఆరు బర్రెలున్నాయి. ప్యాకెట్ పాలు కూడా రాని ఈ రోజుల్లో మా అపార్టుమెంటు మొత్తానికి ఆమే దిక్కు. పాలు పోస్తూ, "ఏందమ్మా, గట్ల గూసున్నవ్, పరేషాన్ల ఉన్నవా?" అంది. నీ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. మా పుట్టింట్లో ఒక జబ్బుందమ్మా, నాకు ఆడపిల్లల్లేరు కాబట్టి భయం లేదులే అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టి నన్ను చూసింది. "గదెట్లనమ్మా? బర్రెను కొనేటప్పుడు తల్లినొక్కదాన్నే సూస్తమా? గది ఏ దున్నకు పుట్టింది, ఆ దున్న తల్లి ఎన్ని పాలిచ్చేది, గది గూడ అడుగుతం. దున్న పాలియ్యది గని, దాని తల్లి పాలు దాని బిడ్డకస్తయి" అంది. తర్వాత, "నువ్వు సదువుకున్నదానివి గదా" అని కూడా అంది. ఆ ముక్క అనకపోయినా సరిపోయేది.

ఆలోచించు రత్నా. వెంకటరమణ, శివశంకర్ ఇద్దరూ ఆ లెక్కలోనే ఉన్నారు. వాళ్లకు దిగి ఉంటే అశ్వినికి రావచ్చు, శ్రావణికీ రావచ్చు. దిగకపోతే ఇద్దరికీ లేదు. తెలియకుండా ఉండటం వల్ల రాకుండా పోదు. తెలిస్తే ఏడాదికోసారి చూపించుకుంటారు, మొదట్లోనే పట్టుకుంటారు. కనకమ్మక్క మూడేళ్లు పైట కింద దాచుకుంది, చివరికి మనం చూసినప్పుడు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నీది నువ్వు ఆరు నెలలకే చెప్పావు, అందుకే ఇవాళ నన్ను తిడుతున్నావు.

నీ గుండు సంగతి అశ్వినికి చెప్పలేదు. మాటిస్తున్నాను.

అక్క శారద


గచ్చిబౌలి,
3 అక్టోబరు 2011

రత్నా,

పోయిన ఉత్తరానికి జవాబు లేదు. నీ దగ్గర్నుంచి తిట్లు రావడం నాకు అలవాటే, మౌనం రావడం అలవాటు లేదు. బాగా కోపం వచ్చిందని అర్థమైంది.

ఈ మధ్య జరిగింది చెబుతాను. నీ రక్తం లేకపోతే నా రక్తం చూడమని అడుగుదామని, అశ్విని నేనూ ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం. గచ్చిబౌలి చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. గుండిగల్లో అన్నం, పప్పుచారు. గరిటె పట్టుకుని పోచమ్మ పెనిమిటి వీరేశం. ఆటోకు అడ్డం నిలబడి, "అమ్మా, తిని పోవాలె. తినకుంట బండి కదలది" అన్నాడు. నాయనా, మాది కడప జిల్లా అన్నాను, ఏమంటాడో చూద్దామని. "అయితేంది, కడపోళ్లకు కడుపుండదా? మీకు గీ కారం సాలది, పచ్చి మిరపకాయ నంజుకోండ్రి" అని విస్తరి చేతిలో పెట్టాడు. డెబ్బై రెండేళ్ల వయసులో, నడిరోడ్డు మీద, నాకు ఇష్టమో కాదో ఇంకా తేల్చుకోని రాష్ట్రం కోసం భోజనం చేశాను. పప్పుచారు బాగుంది. ఈ సంగతి వెంకటరమణకు చెప్పలేదు. మన రహస్యాల పట్టీలో ఇదీ రాసుకో.

డాక్టరమ్మ చెప్పింది ఇది. నా రక్తంలో ఏమీ దొరక్కపోతే, మన ఇంట్లో అది లేదని అర్థం కాదట. ఉండి నాకు రాకపోయి ఉండవచ్చు, లేదా వాళ్లకు కనబడని చోట దాక్కుని ఉండవచ్చు. ఏ ఇంట్లో ఏ తలుపు తీయాలో తెలియకుండా వీధంతా తిరిగినట్టు ఉంటుందంది. తలుపు ఏదో చెప్పగలిగేది జబ్బు వచ్చిన మనిషి రక్తమే.

బయటికొచ్చాక అశ్విని, "చిన్న నాయనమ్మను ఇక అడగొద్దు. ఆమె దాచుకున్నదాన్ని నువ్వు నాకు చెప్పేశావు, అదే ఎక్కువ. నేను ఏడాదికోసారి చూపించుకుంటాలే" అంది. పిల్లది నాకంటే మర్యాద తెలిసింది.

కాబట్టి నేను అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను. రక్తం వద్దు. ఎల్లుండి మహర్నవమి. కోపంతో పిండి వంటలు మాడబెట్టుకోకు.

అక్క


ప్రొద్దుటూరు,
4 అక్టోబరు 2011

అక్కకు నమస్కారం.

జవాబు ఆలస్యమైంది. వేలూరు పోయి వచ్చినాను. రక్తం ఇచ్చేసినాను.

నీ పోచమ్మ చెప్పిన దున్నపోతు మాట నన్ను మూడు దినాలు కూర్చోనీయలేదు, నిలబడనీయలేదు. నువ్వు పేజీలకు పేజీలు రాసినా ఎక్కలేదు గానీ, ఆ మాట ఎక్కింది. మన నాయన కూడా ఎద్దుల్ని కొనేటప్పుడు తాతల దాకా అడిగేవాడు కదక్కా. శివశంకర్ అన్నం తింటావుంటే వాని ముఖం చూస్తా కూర్చున్నాను. "ఏంది మా, అట్ల చూస్తాండావు?" అన్నాడు. ఏంలేదులే, పెరుగు వేసుకో అన్నాను. నిన్ను ఏ దున్నపోతుతో పోల్చినానో చెప్పలేను కదా.

హైదరాబాదుకు బస్సుల్లేవు, రైళ్లు ఆపుతున్నారంటున్నారు. వేలూరుకు మాకు దారి దగ్గర. పాత చీటీలు పెట్టెలో అడుగున చీరల కింద దాచినాను, తీసినాను. ఒక్కదాన్ని పోలేను. శివశంకర్ సూదిని చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు, చిన్నప్పటి నుంచి అంతే. ఇక మిగిలింది కోడలు. మోకాళ్ల నొప్పులకు చూపించుకోవాలని చెప్పి తోడు తీసుకుపోయినాను.

ఆస్పత్రి గేటు దగ్గర దాని చెయ్యి పట్టుకుని, మోకాళ్లకు కాదే అని మొదలుపెట్టినాను. అది, "తెలుసులే అత్తా. క్యాన్సరు ఓపీ కుడివైపు, రాండి" అని నడిచింది. నీకెట్లా తెలుసే అంటే, "ఆ ఏడాది మీ జాకెట్లు ఉతికింది నేనే కదా. ఒక పక్క లోపల దూది పెట్టి కుట్టుకున్నారు. తిరుమలలో జుట్టు తీసుకుంటారు గానీ అది తీసుకోరు కదత్తా" అంది. పదిహేనేళ్లు నోరు మూసుకుని ఎట్లా ఉండినావే అన్నాను. "మీరు చెప్పలేదు కదా, నేనెట్లా అడుగుతాను?" అంది. ఆ పిల్ల ఫోను స్పీకరు నొక్కుతుందని నువ్వు రాసినావు. ఇకమీదట దాన్ని ఏమీ అనకు.

రక్తం తీసుకున్న పిల్లకు పాతికేళ్లుంటాయి. మీరే మొదట ఇస్తున్నారా, మీ ఇంట్లో ఎవరైనా చెప్పి పంపినారా అని అడిగింది. మా అక్క చెప్పింది, బర్రెలామె నమ్మించింది అన్నాను. అది రాసుకోలేదు.

ఫలితం రావడానికి చాలా దినాలు పడుతుందట. చిరునామా అశ్వినిది ఇచ్చినాను. ఇక్కడికొస్తే పోస్టాయన చదివి చేతికిస్తాడు. రామక్క సంగతి మళ్లీ ఆలోచించినాను. పరీక్షకు పోయినందుకు రోగం రాలేదేమో. రోగం వచ్చినందుకు పరీక్షకు పోయిందేమో.

చెల్లెలు రత్న


[పోస్టుకార్డు]

ప్రొద్దుటూరు,
8 అక్టోబరు 2011

అక్కకు. నువ్వు 3వ తేదీ రాసింది ఈ దినం అందింది. వద్దని చెప్పేది ఇప్పుడా? జాడీ నింపి పంపినాక ఊరగాయ వద్దనడం మన ఇంట్లో లేదు. పంపింది పంపినట్టే. మూత తీసేటప్పుడు నువ్వు దగ్గర ఉండు. మహర్నవమికి బొబ్బట్లు మాడలేదు. రత్న.


గచ్చిబౌలి,
22 జనవరి 2012

రత్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. ఇందులో తప్పులుంటే దిద్దుకో.

నీ ఫలితం నవంబరు చివర్లో వచ్చింది. నీ రక్తంలో ఆ లోపం ఉంది. అమ్మ నుంచే వచ్చి ఉంటుంది. అక్కకూ అదే అయి ఉంటుందని డాక్టరమ్మ అంది. వెంటనే నీకెందుకు రాయలేదంటే, తలుపు ఏదో తెలిసింది కదా, నా రక్తంలో ఆ ఒక్క తలుపు చూడమని ఇచ్చాను. రెండూ కలిపి రాద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఉంటుందని, ఇద్దరం సమానమైపోతామని అనుకున్నాను.

నాకు లేదు.

నాకు లేదు కాబట్టి వెంకటరమణకు నా వైపు నుంచి రాదు. వాడికి లేదు కాబట్టి అశ్వినికి ఆ భయం లేదు. అందరు ఆడవాళ్లకూ ఉన్నంత ప్రమాదమే దానికీ. ఈ మాట చెప్పి డాక్టరమ్మ నవ్వింది. మా కోడలు గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. అశ్విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "నాకోసం ఆమె ఇచ్చింది నాయనమ్మా. ఆ భయం నా ముందు నుంచి తీసేసి శ్రావణి ముందు పెట్టాం" అంది. నేనేం చెప్పను? పదో తరగతిలో ఇట్లాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

శివశంకర్‌కు దిగి ఉండటానికి సగానికి సగం. అతనికి దిగి ఉంటే శ్రావణికి మళ్లీ సగానికి సగం. కాబట్టి ముందు చూడవలసింది అతని రక్తం. అతనికి లేకపోతే శ్రావణి కథ అక్కడితో సరి. ఉంటే శ్రావణి తనకు ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు చూపించుకోవచ్చు, తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదట. నీకు కూడా రెండోవైపు ఏటా చూడాలి, కడుపు స్కానింగు తీయాలి. దానికి నువ్వు ఇక్కడికి వస్తున్నావు. ఇది అడగడం కాదు, చెప్పడం.

పెళ్లి మాటలు నడుస్తున్నాయని రాశావు. ఈ కాగితం చించెయ్యమన్నా చించేస్తాను, ఎవరికీ చెప్పొద్దన్నా చెప్పను. ఈసారి నిజంగా చెప్పను.

నిన్ను అడగకుండా ఉండాల్సిందేమో అని ఈ రెండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. రిపోర్టు దీనితో పంపుతున్నాను. అది నీది.

శారద


ప్రొద్దుటూరు,
26 ఫిబ్రవరి 2012

అక్కకు నమస్కారం.

డిసెంబరులో నువ్వు ఫోను చేసి అరగంట సేపు గుత్తివంకాయ గురించి మాట్లాడినావే, ఆ దినమే నాకు తెలిసిపోయింది. నువ్వు పుట్టి డెబ్బై రెండేళ్లలో వంకాయ గురించి మాట్లాడింది అదే. కాబట్టి నీ ఉత్తరం నాకు కొత్త కాదు. నీకు లేదన్నది మాత్రం కొత్త. సమానమైపోవాలని అనుకున్నావా? నలుగురు ఆడవాళ్లలో ఒకతయినా తప్పించుకుందని నేను గుడికి పోయి వచ్చినాను. మన అమ్మకు ఒక తెల్ల సున్నా అయినా మిగలనీ.

నిన్ను అడగకుండా ఉండాల్సిందంటావు. అట్లాంటి మాట ఇంకోసారి రాస్తే జవాబు రాయను.

యశ్వంత్ వాళ్ల నాయనమ్మ జాతకం పంపమని కబురు చేసింది. మన సుబ్బరాయుడు సిద్ధాంతి రాసిచ్చిన జాతకం కవరులో పెడుతూ ఉంటే అనిపించింది. ఈ కాగితంలో కుజుడు ఎక్కడున్నాడో, శని ఎక్కడున్నాడో చెబుతాం. ఆకాశంలో ఉండేవాళ్ల సంగతి చెప్పి, ఒంట్లో ఉండేదాని సంగతి చెప్పకపోతే ఎట్లా? నా రిపోర్టు జిరాక్సు తీయించి, నాలుగు మూలలా పసుపు పెట్టి, జాతకంతో పాటే పంపినాను. ఇది పిల్లది కాదు, నాది, పిల్లకు ఉందో లేదో ఇంకా చూడలేదు అని కింద రాసినాను. కోడలికి చెప్పే చేసినాను. శివశంకర్‌కు చెప్పలేదు.

వాళ్ల సిద్ధాంతి ఆ కాగితం గంటసేపు చూసి, ఇందులో లగ్నం వేయలేదు, ఇది ఎవరు రాసిన జాతకం అని అడిగినాడంట. పన్నెండు దినాలు ఒక కబురు లేదు. ఇల్లంతా చావుకొచ్చినట్టు ఉండింది. శివశంకర్‌కు తెలిసి కేకలేసినాడు. శ్రావణికి తెలిసి బస్సెక్కి వచ్చింది. నన్ను చూస్తానే, "నన్నడగకుండా ఎట్ల పంపినావు జేజీ?" అంది. అది నా రక్తం, నా కాగితం, నీది ఇంకా పుట్టలేదు అన్నాను. "నా పెళ్లి కదా?" అంది. నాది తప్పే, అడగాల్సింది అన్నాను. అది ఆశ్చర్యపోయింది. మన ఇంట్లో పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం అది ఎప్పుడూ చూసినట్టు లేదు.

పదమూడో దినం యశ్వంత్ వాళ్ల నాయనమ్మే ఆటో దిగింది. కూర్చోమనక ముందే, "మీరు చెప్పినారు కాబట్టి మేమూ చెప్పాల. మా ఇంట్లో మూడు తరాలుగా మగోళ్లు గుండె పట్టుకుని పోతాండారు, యాభై దాటినోడు లేడు. మా ఆయన లారీ గుద్ది పోయినాడని చెప్పుకుంటిమి గదా, లారీ నిలబడే ఉంది, గుద్దలేదు" అంది. ఏడవాలో నవ్వాలో తెలీక కోడలు కాఫీ పెట్టడానికి పోయింది. "మాకేం అభ్యంతరం లేదు. ఇంక మీరు ఆలోచించుకోండి" అని చెప్పి ఆమె పోయింది. కాబట్టి అక్కా, ఇప్పుడు ఆలోచించాల్సింది మేము. శ్రావణి యశ్వంత్‌ను గుండె డాక్టరు దగ్గరికి పోయి చూపించుకుని రమ్మని మెసేజి పెట్టింది. వాడు పోయినాడంట. ఇంతకంటే వాళ్లిద్దరి సంగతి నాకు చెప్పడం లేదు.

ఇక శివశంకర్. "మగోనికి ఏంటికి మా ఈ పరీక్ష?" అని నాలుగు దినాలు మొండికేసినాడు. శ్రావణి, "నాకోసం నాయనా. నీకు లేకుంటే నేను సూది పొడిపించుకునే పనే లేదు" అంది. అప్పుడు కదిలినాడు. సోమవారం నలుగురం వేలూరు పోతున్నాం. వాని చెయ్యి నేను పట్టుకుంటాను, కళ్లు కోడలు మూస్తుంది. వానికి ఉందని తేలితే ఏం చేయాలో అప్పుడు చూస్తాం. నేను మాత్రం వేసవిలో నీ దగ్గరికొస్తాను, స్కానింగుకు. ఊరిబిండికి రాయి ఉందా మీ ఇంట్లో, మిక్సీనేనా?

ఒకటి మిగిలింది. అది నీకొక్కదానికే.

మొన్న మధ్యాహ్నం నేను చీర మార్చుకుంటా ఉంటే శ్రావణి గదిలోకి వచ్చింది. పోలేదు. తలుపు వేసి, "చూపించు జేజీ" అంది. ఏమిటని నేను అడగలేదు. ఆ ఆపరేషను అయినాక డాక్టరు తప్ప ఇంకొకరు చూడలేదక్కా. మా ఆయన చూడలేదు, నేను చూడనీయలేదు. స్నానాల గదిలో ఉన్న అద్దం నేనే తీయించేసినాను, ఈరోజు దాకా గోడకు మేకులే ఉన్నాయి.

పైట తీసినాను. అది కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వచ్చింది. ఒక చివర నుంచి ఇంకొక చివర దాకా నిదానంగా చూసింది. వేలితో ఒకసారి తడిమింది. దానికి ఎట్లా ఉంటుందో అని నేను దాని ముఖం చూస్తా నిలబడినాను.

"ఇంతేనా?" అంది.

ఇంతే అన్నాను.

అప్పుడే మబ్బు పట్టింది. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి ఉంటే, ఇద్దరం పోయి ఎత్తుకొచ్చినాము.

చెల్లెలు రత్న